ఏడో డబ్బా

ల్యాబ్ క్వార్టర్స్, పై పోర్షన్

చిట్టీ,

ఓడ ఎక్కాక నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. సముద్రపు గాలి తగిలేసరికి వదినని మర్చిపోయావా, లేక వాంతులు ఆగక కలం పట్టలేకపోతున్నావా? రెండోదే అయ్యుండాలని కోరుకుంటున్నాను. ఓడలో మెయిలు చూడాలంటే భోజనాల గదిలో అందరి ముందూ తెరవాలని వెళ్లే ముందే చెప్పావు కదా, అందుకే సరుకుల పడవ వాళ్లకి ఈ కాగితం ఇచ్చి పంపుతున్నాను.

ఇక్కడ అంతా మామూలే. మామూలంటే కంపు. కుళ్లిన గుడ్లు, తడి గోనెసంచి, మూడురోజుల నాటి చేప, మూడూ కలిపి మూతపెట్టినట్టుంటుంది డబ్బాల గది. ఎన్నిసార్లు ఒళ్లు రుద్దుకున్నా గోళ్ల కింద మిగిలిపోతుంది. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ, అదొక్కటే లాభం.

నిన్న కింది పోర్షన్ ఆవిడ ముక్కు మూసుకుని, "అసలు మీరు పెంచేదేంటండీ" అని అడిగింది. సముద్రం అడుగున, మనల్ని పెడితే పచ్చడి పచ్చడైపోయే ఒత్తిడిలో హాయిగా బతికే సూక్ష్మజీవులున్నాయని చెప్పాను. పైకి తెచ్చి ఒత్తిడి తీసేస్తే చస్తాయి, అందుకే మందపాటి స్టీలు డబ్బాల్లో పోసి, మూత బిగించి, పంపుతో ఒత్తిడి పెట్టి ఉంచుతామని చెప్పాను. అంతా శ్రద్ధగా విని, "మా అత్తగారిని కూడా అలా ఉంచుతారా" అంది.

మీ అన్నయ్య మాత్రం నేలమీద లేరు. వానలు మొదలయ్యాక జరిగే పెద్ద సభలో ఏడో డబ్బాలోని జీవిని లోకానికి చూపిస్తారట. మిగతా డబ్బాల్లోవి ఈసురోమంటుంటే ఇదొక్కటే అంతలేసి పెరుగుతోంది. దీని దగ్గరి చుట్టాలన్నీ జంతువుల నోళ్లలో బతికేవని తేలింది. "ఏ చేప నోట్లోంచో జారి, అడుగున కాపురం పెట్టింది, అదే దీని గొప్ప" అంటారు మీ అన్నయ్య. అత్తయ్యగారి పేరే పెడతారట దానికి. ఆవిడ ఇప్పటికే వీధంతా చాటేశారు. నీ ఓడ ప్రయాణానికి అనుమతి దొరికింది కూడా దాని పుణ్యమే కదా.

ఆయనా నేనూ ఒకే తరగతిలో ఒకే చదువు చదివాం కాబట్టి నాకూ ఓ అభిప్రాయం ఉండొచ్చు. నాకు అది నచ్చలేదు. పసుపుగా, తీగలు సాగుతూ, జలుబు చేసిన పిల్లాడి ముక్కు కింద ఉండేదానిలా ఉంటుంది. గిన్నె ఒంచితే తొందరగా జారదు, ఆలోచించి జారుతుంది.

వేళకి తిను.

వదిన

*

ఓడ, కింది డెక్కు

వదినా,

వాంతులే. నిన్ను మర్చిపోయే తీరిక కూడా ఇవ్వలేదు. ఓడలు బళ్లవుతాయంటారు. ఇది బండి అయిపోయి చాలా కాలమైంది, మళ్లీ ఓడ కావడం మర్చిపోయింది. నా పై బెర్తులో పడుకునే పిల్ల తడి సాక్సులు నా మొహం మీదుగా ఆరేస్తుంది. స్నానాల గది గొట్టంలోంచి ఎవరెవరివో వెంట్రుకలు ముద్దగా పైకొస్తాయి. నీళ్లు వృథా చేయకూడదని అందరం వాటి మీదే నిలబడి పోసుకుంటాం. నువ్వైతే మొదటి రోజే దూకేసేదానివి.

మొన్న సముద్రం అడుగు నుంచి మొదటి మట్టి పైకొచ్చింది. అడుగునే మూత బిగుసుకుపోయే డబ్బాలు దించుతాం కాబట్టి లోపలి ఒత్తిడి అలాగే ఉంటుంది. కానీ వాటి బయట అంటుకొచ్చే బురదుందే, దాంట్లో చచ్చిన తిమింగలం ఎముక ముక్క ఒకటి దొరికింది. దాని మీద కొవ్వు నానిన సబ్బులా జారుతోంది, లోపల తెల్లటి దారాలు కదులుతున్నాయి. మా పెద్ద మేడం దాన్ని పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వాసన చూసింది. ఆవిడకి ముప్ఫై ఏళ్ల అలవాటు. నేను రైలింగు దగ్గరికి పరుగెత్తాను.

ఏడో డబ్బాని తిట్టకు. అన్నయ్య పేరు చెబితే ఇక్కడ వంటవాడు కూడా ఇంకో గరిటె ఎక్కువ వేస్తాడు, ఆ వంటకి అది వరమో శాపమో తెలీదు గానీ. నాన్న దర్జీ పని చేసి చదివించిన పిల్లలం. అమ్మ పేరు పుస్తకాల్లోకి ఎక్కుతోందంటే నాకు కళ్లు తడవుతున్నాయి. జీవి అందంగా లేకపోతే ఏం, దానికేమన్నా సంబంధాలు చూస్తున్నామా.

నీ చిట్టి

*

ల్యాబ్ క్వార్టర్స్

చిట్టీ,

నీ ఉత్తరం భోజనం ముందు చదవడం నా తప్పు. ఆ తెల్లటి దారాలు రెండు రోజులు నా కంచంలో కదిలాయి.

ఒక సంగతి, ఊరికే అడుగుతున్నాను. డబ్బా తెరిచి మేత వేశాక, గిన్నెలో మిగిలిన చుక్కని బల్ల మీదే మర్చిపోయామనుకో. అసలైన అడుగు జీవి అయితే, అలా ఒత్తిడి లేకుండా ఎన్నాళ్లు బతుకుతుంది? పుస్తకాల్లో ఉన్నది నాకు తెలుసు. మీ పెద్ద మేడం చేత్తో చూసిన మనిషి, ఆవిడనడుగు. ఎందుకంటే ఊరికేనని చెప్పు. మీ అన్నయ్యకి రాసే ఉత్తరంలో మాత్రం ఈ ఊసెత్తకు.

ఆయన సభ కోసం అద్దం ముందు ఉపన్యాసం సాధన చేస్తున్నారు. అద్దం మీద తుంపర్లు పడుతున్నాయి. తుడిచేది నేనే.

ఇంతకన్నా రాయబుద్ధి కావట్లేదు.

వదిన

*

ఓడ, కింది డెక్కు

వదినా,

మేడంని అడిగాను. "మా దగ్గరివి గంటల్లో నీరసపడతాయి, మర్నాటికి ఉండవు" అంది. "బల్ల మీద పెరిగిందంటే అది అడుగుది కాదు, ఎవరింట్లోదో" అని నవ్వింది. నీకేమైంది? ఎప్పుడూ ఊరికే అడిగే మనిషివి కాదే.

నా సంగతులు విను. రోజంతా డబ్బాలు బిగించడమే పని. మూతకీ డబ్బాకీ మధ్య రబ్బరు రింగు కూర్చోవాలి, లేకపోతే ఒత్తిడి కారిపోతుంది. చలికి రింగు బిగుసుకుపోయి గాడిలో దూరదు. మొదటి రోజు నేనేం చేశానో చెబితే నవ్వుతావు. గ్రీజు పక్కనే ఉన్నా, రింగుని నాలిక మీద పెట్టుకోబోయాను. మేడం చేతి మీద ఒక్కటి వేసింది. మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే. నాన్న రోజంతా దారం కొస నోట్లో తడిపి సూదిలో ఎక్కించేవాడు కదా, పక్కన కూర్చుని అన్నయ్యా నేనూ అదే నేర్చుకున్నాం. ఏదైనా సందులో దూరకపోతే ముందు నోట్లోకి పోవాల్సిందే. పెన్ను మూత, తాళం చెవి, అన్నీ.

జవాబు వెంటనే రాయి. భయంగా ఉంది.

నీ చిట్టి

*

ల్యాబ్ క్వార్టర్స్

చిట్టీ,

నీ ఉత్తరం చదివి బాత్రూములోకి వెళ్లి కక్కుకున్నాను. ఇప్పుడు అన్నీ రాస్తాను.

సెలవులకి ముందు ఏడో డబ్బా గిన్నె బల్ల మీద మర్చిపోయాను. తిరిగొచ్చేసరికి అది గిన్నె మూతని పైకి లేపి, అంచు మీంచి కిందికి కారి, బల్ల మీద పొలుసు కట్టి ఉంది. చచ్చిపోవాల్సింది పండగ చేసుకుంది. అప్పుడే నీకు ఆ ప్రశ్న రాశాను. తర్వాత డబ్బా తెరిచి చూస్తే, మూత తీసేసినా ఒత్తిడి చూపించే గేజి ముల్లు దిగలేదు. తుప్పు పట్టి ఇరుక్కుపోయింది. లోపల ఒత్తిడి పోయి ఎన్నాళ్లైందో తెలీదు. అడుగు నుంచి వచ్చినవన్నీ ఎప్పుడో చచ్చాయి. మేం రోజూ మూత బిగించాక ఆ ముల్లుని చూసి తలూపుతున్నాం, మూత తీసినప్పుడు దాని వంక ఎవరమూ చూడలేదు.

మరి పెరిగింది ఎవరు? అదే తెలియలేదు. నీ ఉత్తరం వచ్చాక మీ అన్నయ్య డబ్బా బిగిస్తుంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. మాట్లాడుతూనే రింగు తీశారు, నోట్లో పెట్టుకున్నారు, ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి ఒకసారి తిప్పారు, తీసి గాడిలో కూర్చోబెట్టారు. పాత రింగు ఎండి కారుతోంది కదా, బాగా తడపాలి మరి. ఆయనకి ఆ పని చేశానని కూడా తెలీదు.

ఆయన చిగుళ్ల సంగతి నీకు తెలుసు. బ్రష్షు చేస్తే నెత్తురు, పొద్దున్నే మాట్లాడితే పక్కనున్నవాళ్లు తల తిప్పుకోవాలి. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమంటే పెళ్లైనప్పటి నుంచీ రేపే. ఆయన టూత్‌బ్రష్షు మీది పాచి గీకి ఇంకో గిన్నెలో పెంచాను. అదే పసుపు, అదే తీగ, అదే కంపు. జన్యువులు కూడా చూశాను, అక్షరం తేడా లేదు. సముద్రం అడుగు నుంచి లోకానికి రాబోతున్న వింత జీవి నా మొగుడి పంటి సందులోది, చిట్టీ. అత్తయ్యగారి పేరు పెడుతున్నది దానికి.

పక్కన కూర్చుని తినలేకపోతున్నాను. ఆయన తాగిన గ్లాసు నేను రెండు వేళ్లతో ఎత్తుతున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నవాళ్లని ఒకసారి మా ఇంటికి పంపు.

వదిన

*

ఓడ, కింది డెక్కు

వదినా,

నీ శుభ్రం పిచ్చి ఈనాటిదా? పెళ్లైన కొత్తలో అమ్మ కూర ఉప్పు చూసిన గరిటె మళ్లీ గిన్నెలో పెట్టిందని నువ్వు ఆ పూట పస్తున్నావు. మా నాన్న నోట్లో తడిపిన దారంతోనే మేం చదువుకున్నాం. ఆ దారంతో కుట్టినవి తొడుక్కుని ఊళ్లో ఎవరూ చావలేదు.

సరే, పొరపాటే జరిగి ఉండొచ్చు. అందుకని మనిషిని టూత్‌బ్రష్షుతో సహా మైక్రోస్కోపు కింద పెడతావా? నిద్రలో ఆయన తల దిండు మీద ఎక్కడుందో కూడా కొలిచావా?

ఇది ఇంకెవరికీ చెప్పకు. అన్నయ్యకి కూడా ఇప్పుడే చెప్పకు. సభ అయిపోనీ, నేను తిరిగొచ్చాక ముగ్గురం కూర్చుని చూద్దాం. ఇంటి గుట్టు లంకకి చేటు.

చిట్టి

*

ల్యాబ్ క్వార్టర్స్, హాలు

చిట్టీ,

నీ ఉత్తరం వచ్చేలోపే చెప్పేశాను. దిండు సంగతి కొలవలేదు, కొలిచే అవసరం ఇక లేదు. హాల్లో పడుకుంటున్నాను.

గిన్నెలు రెండూ ఆయన ముందు పక్కపక్కన పెట్టాను. మొదట నవ్వారు. తర్వాత లేచి తలుపు వేశారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇంత కంగారెందుకు? చిట్టి కొత్త మట్టి తెస్తోందిగా. సభలో ఇప్పుడున్నదే చూపిస్తాం. తర్వాత ఎవరైనా నమూనా అడిగితే చిట్టి తెచ్చింది ఇస్తాం. పేరు అదే, డబ్బా అదే. దానికేమన్నా మొహముందా, గుర్తుపట్టడానికి?" అన్నారు.

ఉమ్మి సంగతి తెలిసినప్పుడు కడుపులో తిప్పింది. అది ఒళ్లు పడే అసహ్యం, సబ్బుతో కడిగితే ఎప్పటికైనా పోతుంది. ఈ మాట విన్నప్పుడు కడుపులో ఏమీ తిప్పలేదు. ఆయన్ని చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఏళ్లు ఈ మనిషి కంచంలో మిగిలింది తిన్నానా అనిపించింది. ఆ గది కంపు ఈయన ముందు ఎంతో నయం. అవి తమ కంపు తాము కొడతాయి, ఇంకొకరి పేరు పెట్టుకోవు.

సభలో ఆయన ఆ అబద్ధం చెబితే నేను లేచి నిజం చెబుతాను. చెబితే ఆయన పరువుతో పాటు నా ఉద్యోగం, నీ ఓడ, అన్నీ పోవచ్చు. తెలిసే రాస్తున్నాను.

కానీ ఒకటి మింగుడు పడట్లేదు. నువ్వు తెచ్చే మట్టి మీద ఆయనకి అంత ధీమా ఏమిటి? నన్ను ఆగమని నువ్వంత గట్టిగా ఎందుకు రాశావు? నీతో ముందే మాట్లాడారా? నాకు నిజం కావాలి, ఎంత కంపు కొట్టినా సరే.

వదిన

*

ఓడ, కింది డెక్కు

వదినా,

మాట్లాడాడు. టూత్‌బ్రష్షు సంగతి రాసిన నీ ఉత్తరం వచ్చిన పడవలోనే అన్నయ్య ఉత్తరం కూడా వచ్చింది. "ఏడో డబ్బా గేజి పాడై చాలా కాలమైనట్టుంది, లోపలున్నది అడుగుది కాదేమోనని అనుమానం. మీ వదినకి చెప్పకు, కంగారు పడుతుంది. నువ్వు తెచ్చే డబ్బాల్లో ఒకదాని మీద, ఏడో డబ్బా మట్టి వచ్చిన పోయిన ప్రయాణం తేదీ వేసి తీసుకురా" అని. అంటే నువ్వు గిన్నెలు ముందు పెట్టేసరికే ఆయనకి తెలుసు. ఆ నవ్వు కూడా నటనే. నోటిదని మాత్రం తెలీదనుకుంటాను.

సరేనని జవాబు రాశాను, వదినా. కవరు అంటించాను కూడా. నిన్ను తిడుతూ రాసిన ఉత్తరమూ అదీ ఒకే పూట రాసినవే, నీది ఆ పడవకే వెళ్లింది, ఆయనది ఇవ్వడానికి మనసు రాక నా దగ్గరే ఉండిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నీ మీద పడ్డాను. నిన్నటి పడవకి అన్నయ్య కవరు ఇవ్వబోతుంటే నీ హాలు ఉత్తరం చేతికొచ్చింది. ఆయన కవరు నీళ్లలో పారేశాను.

ఆ తర్వాత మేడం దగ్గరికి వెళ్లి, ఇప్పటిదాకా మట్టితో పైకొచ్చిన మూడు డబ్బాల్లో ఒకటి విప్పి చూద్దామన్నాను. మూత తీసి చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాం. మొదట్లో చురుగ్గా తిరిగాయి. కాసేపటికి అక్కడక్కడే తచ్చాడాయి, పొద్దుగూకేసరికి ఆగిపోయాయి. ఇవాళ గిన్నెలో ఏమీ పెరగలేదు. మూత తీయని రెండిట్లోవి బాగానే ఉన్నాయి. అసలైనవని తెలియాలంటే కొన్నిటిని చంపక తప్పదు, మన పని అంత దిక్కుమాలిన పని. చూస్తూ కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ బురదని చూసి వాంతి చేసుకున్నదాన్ని నేనే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మేడం, "ఆ రోజు బల్ల మీది చుక్క సంగతి అడిగావు, ఎవరింట్లోది?" అంది. "మా ఇంట్లోదే" అన్నాను. మొత్తం చెప్పాను, రింగూ బుగ్గలూ అన్నీ. పై బెర్తు పిల్ల చెంచా కింద పెట్టేసింది. వంటవాడు గరిటె వంక ఒకసారి చూసుకుని లోపలికి వెళ్లిపోయాడు. మేడం మాత్రం ఆఖరి మెతుకు దాకా తిని, "సభలో తనే చెప్పుకోవడానికి మీ అన్నకో అవకాశం ఇస్తాను. చెప్పకపోతే నేను రాస్తాను" అంది. రెండు డబ్బాల మీదా ఈ ప్రయాణం తేదీ తన చేత్తో వేసింది.

అన్నయ్యకి కూడా ఇదంతా రాసి దీనితో పాటే పంపుతున్నాను. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను.

చిట్టి

*

ల్యాబ్ క్వార్టర్స్, హాలు

చిట్టీ,

తిట్టను. కవరు నీళ్లలో పడింది, అది చాలు.

సభ అయింది. తనకి నువ్వు రాసిన ఉత్తరం అందాక ఆయన నాతో మాట్లాడటం మానేశారు. ఏం చెప్పబోతున్నారో తెలియకుండానే వెళ్లి రెండో వరసలో కూర్చున్నాను. మొదటి వరసలో అందరూ పెద్దవాళ్లు, ఆయన ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఊపి వేదిక ఎక్కారు.

జీవిని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పారు. హాలంతా గుసగుసలు. గేజి పాడైందన్నారు. రింగు పాతదన్నారు. అక్కడితో ఆగి ఉంటే నేనూ కూర్చునేదాన్నేమో. నీళ్లు తాగి, "డబ్బాల గది చూసుకునేవాళ్ల అజాగ్రత్త వల్ల బయటి క్రిమి ఏదో చేరింది" అన్నారు. ఆ గది చూసుకునేది నేనని హాల్లో సగం మందికి తెలుసు. తలలు నా వైపు తిరిగాయి.

లేచాను.

"గేజి చూసుకోకపోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను. ఆ రింగు నోట్లో పెట్టుకున్నది ఎవరండీ?"

ఆయన నా వంక చూశారు, కాగితాల వంక చూశారు, మళ్లీ నా వంక చూశారు. ఇంకో అబద్ధం పెదవి దాకా వచ్చింది, నేను చూశాను, ఆయనతో కాపురం చేసినదాన్ని కదా. దాన్ని మింగేసి, "నేనే" అన్నారు. "నా నోటిదే ఆ జీవి. నాకు ముందే అనుమానం ఉంది, దాచాను." మొదటి వరసలో పెద్దవాళ్లు ఒక్కొక్కరే జేబురుమాలు తీసి చేతులు తుడుచుకున్నారు.

ఈ ఏడాదంతా ఆ నోట్లోంచి వచ్చిన శుభ్రమైన మాట అదొక్కటే. ఎంత శుభ్రమైనదైనా ఆలస్యంగా వచ్చింది. ల్యాబు ఆయన చేతిలోంచి తీసేశారు. నా మీద విచారణ ఉంటుంది. నీ మట్టిని మాత్రం మీ మేడం పేరు మీద తీసుకుంటామన్నారు, ఓడ ఆగదు.

నిన్న ఆయన పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. బుగ్గ వాచి, దూది కరుచుకుని, హాలు గుమ్మంలో నిలబడి, "ఇంకా అసహ్యంగానే ఉందా" అని ముద్దముద్దగా అడిగారు.

ఉందన్నాను. తల ఊపి లోపలికి వెళ్లారు. కాసేపటికి వంటింట్లోంచి చప్పుడు వినిపిస్తే వెళ్లి చూశాను. తాను తాగిన గ్లాసు తానే తోముకుంటున్నారు, రెండోసారి.

వదిన